రోమక నాణెములు: బొమ్మయు బొరుసును

మన పల్లెలలో పిల్లలు పందెమునకై కాసు నెగురవైచి "బొమ్మా, బొరుసా" యని కేకవేయుట మనమందఱము ఎఱిగినదే. ఇట్టి యాటయే రోము నగర వీథులలోను ఉండెనని మాక్రోబియసు అను లాటిను గ్రంథకర్త వ్రాసియున్నాడు. అయితే అచ్చటి బాలురు "తలలా, ఓడలా" యని యరచెడివారట. ప్రాచీన రోమక రాగి నాణెములకు ఒకవైపున జేనసు దేవుని జంటతలయు, రెండవవైపున ఓడముక్కును ముద్రితములై యుండుటచేత ఆ మాట పుట్టినది. మాక్రోబియసు కాలమునాటికి ఆ ఓడ నాణెముల ముద్రణ నిలిచిపోయి నాలుగువందల యేండ్లకు పైబడినది. ఓడ పోయినది గాని, ఓడ యను మాట పిల్లల నోళ్లలో నిలిచినది. నాణెముమీది బొమ్మను జనులు చూచుచుండిరా, చూచినదానిని మనసున నిలుపుకొనుచుండిరా యని సందేహించువారికి ఈ యాట యొక చిన్న సమాధానము. ఆ సందేహమునకు పెద్ద సమాధానమును గూడ వెదకవలసియున్నది. ఏలయనగా రోమక చక్రవర్తులు మూడునాలుగు శతాబ్దములపాటు ఎడతెగక తమ మాటను లోకమునకు వినిపింపగోరినది ఈ బిళ్లల మూలముననే.

ముందు బిళ్ల పుట్టుకను చూతము. రోములో కాపిటోలు కొండపై జూనో మొనేటా దేవి యాలయముచెంత టంకసాల యుండెడిది. ఆ దేవి పేరే పాశ్చాత్య భాషలలో ధనమునకును, టంకసాలకును గల పదములకు మూలమైనది. అచ్చు చెక్కువాడు కుడియెడమలను తాఱుమాఱు చేసికొని, లోహపు దిమ్మపై రాజు ముక్కును, మెడనరమును, శిరస్సునగల ఆకుదండ ముడిని లోతుగా తొలిచెడివాడు. బొమ్మ గల అచ్చు దాగలిలో బిగింపబడును. సరితూకముగల వెండిబిళ్లను కాచి దానిపై నుంచుదురు. బొరుసు అచ్చును ఒకడు నిలువుగా పట్టుకొనగా వేఱొకడు సమ్మెటతో కొట్టును. ఒక్క దెబ్బకు రెండువైపులును పడవలెను. దెబ్బ ప్రక్కకు జాఱినచో ప్రపంచాధినేత తలలో సగము బిళ్లదాటి పోవును. అట్టివి నేటికిని పురాతనవస్తుశాలలలో కానవచ్చుచున్నవి. దేనారమను వెండి నాణెము మన పాత వెండి పావలాకాసంత వెడల్పు గలది, తులములో మూడవవంతు తూకము గలది. ఇరువదియైదు దేనారములు ఒక బంగారు నాణెము. అగస్టసు చక్రవర్తి కాలమున కాలిబంటునకు ఏడాది జీతము 225 దేనారములు. అనగా రాజు మాట మొట్టమొదట చేరునది సైనికుని యఱచేతికి. ఈ సంగతిని మఱవకుండిన యెడల తరువాతి కథ యంతయు సుబోధమగును.

రాజులను వెడలగొట్టి ప్రజాప్రభుత్వము నిలిపికొంటిమను గర్వము రోమకులకు మెండు. కావున బ్రదికియున్న మనుష్యుని ముఖమును నాణెముపై వేయుట వారికి సహింపరాని పని. దేవతల తలలు వేయుదురు. టంకసాలాధికారులైన ముగ్గురు యువకులు తమ తాతముత్తాతల ఘనకార్యములను వేయింతురు. సజీవుని ముఖమునకు మాత్రము అందు తావులేదు. క్రీ.పూ. 44వ సంవత్సరారంభమున సెనేటు అనుమతితో జూలియసు సీజరు ఈ కట్టడిని దాటెను. శాశ్వత నియంతయను బిరుదముతో, ఎముకలు తేలిన దవుడలతో, ముడతలుపడిన మెడతో ఆయన ముఖము దేనారములపై వెలసినది. మార్చి 15వ తేదీన ఆయనను పొడిచి చంపిరి. హత్యకు నాణెమే కారణమని చెప్పుట సాహసము. కాని హంతకుల కన్నులలో మెఱమెఱలాడిన యిసుకరేణువులలో అదియు నొకటియని చెప్పుట సాహసము కాదు.

ఆ హంతకులలో ప్రముఖుడైన బ్రూటసు చేసిన పనిని నేనెన్నిసార్లు తలచుకొన్నను ఆశ్చర్యము తీఱదు. పదేండ్లకు ముందు, క్రీ.పూ. 54 ప్రాంతమున, తాను టంకసాలాధికారిగ నున్నప్పుడు ఆయన ఒక నాణెముపై స్వాతంత్ర్యదేవతను, దాని వెనుకవైపున రోములో రాచఱికమును రూపుమాపిన తన వంశమూలపురుషుని నిలిపినవాడు. అట్టివాడు సీజరును సంహరించి తూర్పుదేశములకు తరలి సేనలను కూర్చుకొనుచున్న దినములలో, క్రీ.పూ. 43-42లో, తన సైనికులకు జీతమిచ్చుటకై కొట్టించిన దేనారము చూడుడు. బొరుసువైపున రెండు బాకులు. ఒకదాని పిడికిని రెండవదాని పిడికిని పోలికలేదు, ఇద్దఱు హంతకులు చేసిన పని యని తోపించుటకు కాబోలు. వాని నడుమ దాసుడు విముక్తి పొందినపుడు ధరించెడి కుచ్చుటోపి. క్రింద "మార్చి మధ్యదినము" అని యర్థమిచ్చు ఆఱక్షరములు. హత్యాదినమును ఇంత బాహాటముగ పండుగవలె ముద్రించుకొనిన నాణెము లోకములో వేఱొకటి లేదనవచ్చును. రెండువందల యేండ్లకు పిమ్మట చరిత్ర వ్రాసిన డయో కేసియసు గూడ దీనిని ప్రత్యేకముగ పేర్కొనెను. ఇంతవఱకు బాగుగనే యున్నది. బిళ్లను త్రిప్పి బొమ్మవైపు చూడుడు: బ్రూటసు ముఖము! బ్రదికియున్న మనుష్యుడు తన ముఖమును నాణెముపై వేసికొనుట రాజలక్షణమని రోషించి చంపినవాడు, చంపినదానిని చాటెడి నాణెముననే తన ముఖమును వేసికొనెను. బొరుసు చెప్పిన మాటను బొమ్మ కాదనినది.

ఇక్కడనుండి వెనుకకు తిరుగుట లేదు. రోమక సేనాని ఆంటోని తన పటాలముల పేరుపేరున ఓడయు, ధ్వజములును గల దేనారములను లక్షలకొలదిగ కొట్టించెను. వెండిలో రాగి హెచ్చుగ కలపుటచేత వానిని కరగించుట ఎవరికిని గిట్టక, అవి రెండువందల యేండ్లకు పైగ చేతులు మాఱుచునే యుండినవి. క్రీ.పూ. 31లో అతనిని, క్లియోపాత్రాను ఓడించిన ఆక్టేవియను, మఱి మూడునాలుగేండ్లకు, నోరు మూసికొని నిలిచిన మొసలిని బొరుసున నిలిపి "ఈజిప్టు పట్టుబడినది" అని వ్రాయించెను. ఆ యుద్ధము నిజమునకు రోమకులు రోమకులతో చేసినది. మొసలిబొమ్మ దానిని విదేశ విజయముగ మార్చినది. ఇట్టి నేర్పు ఈయనకు సహజము. అగస్టసు బిరుదము పొందిన పిదప, తూర్పుదేశపు పార్థియనులు పూర్వమెన్నడో గెలుచుకొనిపోయిన రోమక ధ్వజములు క్రీ.పూ. 20లో సంధి మూలమున తిరిగి రాగా, కత్తి దూయకయే లభించిన ఆ ధ్వజములను మోకాలిపై వంగి సమర్పించుచున్న పార్థియనుని బొమ్మను దేనారములపై చిత్రింపించెను. మన రాజులకు వందిమాగధులు సభలో బిరుదగద్యములు చదివినట్లు ఈ నాణెములు సంతలో, సత్రములో, పాళెములో ఆయన బిరుదములు చదివినవి. వందిమాగధునకు సభ ముగియగనే నోరు మూతపడును. నాణెమునకు ఆ విశ్రాంతియు లేదు.

తరువాతి చక్రవర్తులందఱి నాణెములను వరుసగ వర్ణించుట నాకు ఉద్దేశము గాదు. అట్లు చేసిన పాఠకునకు విసుగు, నాకు గర్వము తప్ప వేఱు ఫలము లేదు. క్లాడియసు సంగతి మాత్రము విడువరానిది. క్రీ.శ. 41లో కలిగులా చంపబడినప్పుడు తెరచాటున నక్కియున్న యీ యేబదియేండ్ల మనుష్యుని ప్రీటోరియను అంగరక్షకులు పట్టుకొని తమ పాళెమునకు కొనిపోయి చక్రవర్తి యని ప్రకటించిరి. ఆయన ఒక్కొక్కనికి 15,000 సెస్టెర్సులను నాణెములు ఇచ్చుటకు ఒప్పుకొనెను. పిమ్మట వెలువడిన ఆయన నాణెములపై ఏమున్నదనుకొందురు? అంగరక్షకుల పాళెపు ప్రాకారము, దాని ద్వారముపై "చక్రవర్తి స్వీకృతుడయ్యెను" అను భావముగల అక్షరములు. కొనుగోలు చీటీని ఇంత నిష్కపటముగ వెండిపై చెక్కించినవాడు మఱియొకడు లేడు. సెనేటు ఆ ముద్రను చూచి యేమనుకొనెనో గాని, పాళెములోనివారికి అది బాగుగ అర్థమయ్యియుండును.

నీరో తల్లి అగ్రిప్పినా కథయు ఇట్టిదే. క్రీ.శ. 54లో కొమారుడు పదునాఱేండ్లవాడై సింహాసన మెక్కినప్పుడు బంగారు, వెండి నాణెములపై తల్లియు కొడుకును ముఖాముఖిగ, సరిసమానముగ నిలిచిరి. బొమ్మవైపున చుట్టును ఉన్న అక్షరములు ఆమె బిరుదములు, కొడుకు పేరు బొరుసునకు పోయినది. మఱుసటియేడు ఇరువురి తలలును ఒకదానివెనుక నొకటిగ చేరినవి, కొడుకు తల ముందు, తల్లి తల వెనుక. ఆ పిదప ఆమె తలయే లేదు. క్రీ.శ. 59లో ఆమెను చంపించెను. అంతఃపురములోని విషమును చరిత్రకారులు పుటలకొలది వ్రాసిరి. పావలాకాసంత వెడల్పున అదే కథను మూడు అచ్చులు చెప్పుచున్నవి.

ఇప్పుడు నేను చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను. రోమక నాణెముల బొరుసులను చదువ నేర్చినవాడు మొదట ఒక పొరపాటు చేయును: అందు వ్రాసినది జరిగినదని నమ్మును. పిదప రెండవ పొరపాటు చేయును: అంతయు అబద్ధమని త్రోసివేయును. రెండును సరికాదు. బొరుసు రాజుగారి భయమును చెప్పును. క్రీ.శ. 69వ సంవత్సరమున రోము నలుగురు చక్రవర్తులను చూచినది. వారిలో ఓథో పాలించినది మూడునెలలు. ఆ మూడునెలలును అంతర్యుద్ధమే. ఆయన నాణెములపై "భూమండలమునకు శాంతి" యని యున్నది. ఆయనను తొలగించిన విటెల్లియసు నాణెములపై రెండుచేతులు పట్టుకొనియున్న గుర్తు, "సైన్యముల విశ్వాసము" అను మాట. ఆ సంవత్సరము ముగియులోపల తూర్పు సైన్యములు, డాన్యూబు సైన్యములు వెస్పేసియను పక్షము చేరి విటెల్లియసును వీథులలో నీడ్చి చంపినవి. క్రీ.శ. 96లో గద్దెనెక్కిన వృద్ధుడు నెర్వాకు సైనికుల యనురాగము లేదు. ఆయనకు ముందేలి చంపబడిన డొమీషియను వారికి జీతము పెంచినవాడు, ప్రియమైనవాడు. నెర్వా నాణెములలో మాటిమాటికి వచ్చునది "సైన్యముల సామరస్యము", మరల ఆ కలసిన రెండుచేతులు. 97లో అంగరక్షకులు ఆయన నగరునే ముట్టడించి, కోరినవారిని తమకు వశము చేయించుకొని చంపిరి. ఆ వృద్ధుడు గడగడలాడి, రైను తీరమున సేనలు గల ట్రాజనును దత్తు చేసికొనవలసి వచ్చెను. గుమ్మడికాయల దొంగ యనగానే భుజములు తడవి చూచుకొనిన సామెతగా, ఏ గుణము కొఱతయో ఆ గుణమునే టంకసాల చాటినది. సామరస్యమని కనబడినచోట కలహమును, శాంతియని కనబడినచోట కత్తిని వెదకుట నాణెశాస్త్రమున మంచి యలవాటు.

ఈ సూత్రమునకు లొంగని నాణెములును లేకపోలేదు. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయము కాలిపోయిన పిదప వెస్పేసియనును, ఆయన కొమారుడు టైటసును కొట్టించిన "యూదయ పట్టుబడినది" అను నాణెములందు భయము కంటె గర్వమే హెచ్చు. ఖర్జూరవృక్షము, దాని క్రింద నేలపై కూలబడి చెంపను చేతికానించి యేడ్చుచున్న స్త్రీ, చెట్టునకు ఆవలివైపున కవచధారియైన విజేతయో, చేతులు కట్టబడిన బందీయో. ఓడిన జాతిని స్త్రీగ చేసి యేడ్పించు ఈ పద్ధతి చూచుటకు రోత పుట్టించును. కాని నాణెము ఏకపక్ష సాధనము కాదని నిరూపించినవారును యూదులే. క్రీ.శ. 132 మొదలు 135 వఱకు బార్ కొఖ్బా నాయకత్వమున తిరుగబడినప్పుడు వారు చలామణిలోనున్న రోమక నాణెములనే తీసికొని, కొన్నిటిపై ముందటి ముద్రను అరగదీసి, కొన్నిటిపై అట్లే తమ అచ్చులతో మరల కొట్టిరి. చక్రవర్తి తలమీద ద్రాక్షగుత్తి పడినది. ఆయన బిరుదములపై "యెరూషలేము స్వాతంత్ర్యమునకు" అను హీబ్రూ అక్షరములు పడినవి. కొన్నిటిలో క్రొత్త గీతలనడుమ పాతరాజు ముక్కుకొనయో, లాటిను అక్షరమొకటియో నేటికిని తొంగిచూచుచుండును.

హేడ్రియను చక్రవర్తి నాణెమొకటి నా కత్యంత ప్రీతిపాత్రము. ఏలయన అందు సుగుణదేవతలు లేరు, అంకెయున్నది. 118లో ఆయన ప్రజలు ప్రభుత్వమునకు బాకీపడిన పాత పన్నులను మాఫీ చేసి, పత్రములను ట్రాజను ప్రాంగణమున బహిరంగముగ తగులబెట్టించెను. ఇత్తడి సెస్టెర్సుపై దండధారియైన బంట్రోతు కాగడా పట్టుకొని పత్రముల కుప్పకు నిప్పంటించుచుండును, కొన్నిటిలో పౌరులు చేతులెత్తి హర్షించుచుందురు. చుట్టును "తొంబదికోట్ల సెస్టెర్సుల పాతబాకీ రద్దు" అను నర్థముగల వ్రాత. పట్టాదారునకు శిస్తు మాఫీయైన వార్త ఎంత మధురమో మనదేశమున చెప్పనక్కఱలేదు. ఆ యేడే నలుగురు మాజీ కాన్సలులు విచారణ లేకయే చంపబడిరనియు, సెనేటు క్రొత్తరాజుపై కన్నెఱ్ఱగ నుండెననియు తెలిసికొన్నప్పుడు ఆ మంట వెలుగు కొంచెము మార్పు చెందును. అయినను మాఫీ నిజమే.

జనులు వీనిని నిజముగ చదివిరా? 1956లో ఏ. హెచ్. ఎం. జోన్సు అను ఆంగ్ల చరిత్రకారుడు దీనిని గట్టిగ ప్రశ్నించెను. ఈ గుర్తులు ఆధునిక కాలపు తపాలాబిళ్లలపై బొమ్మలకంటె ఎక్కువ ప్రభావము చూపి యుండవనియు, రోమక చరిత్రకారులు వీనిని అరుదుగ పేర్కొనిరనియు ఆయన వాదము. తరువాత బార్బరా లెవిక్ అను విదుషీమణి, ఈ ముద్రలు ప్రజల కొఱకు గాక రాజును మెప్పించుటకై అధికారులు కల్పించినవి గావచ్చునని సూచించినది. అందు కొంత నిజమున్నది. ముఖస్తుతి రాజాస్థానములలో ఎల్లప్పుడు సులభముగ పెరుగు పైరు. కాని జోన్సుగారి తపాలాబిళ్లకు నాణెమునకు భేదమున్నది: బిళ్లను అంటించి మఱచిపోదుము, నాణెమును మాత్రము అడుగడుగున త్రిప్పి చూచుకొందుము. టైబీరియసు దినములలో రాజముఖము గల నాణెమును మరుగుదొడ్డికి గాని, వేశ్యాగృహమునకు గాని తీసికొనిపోవుట రాజద్రోహముగ నెంచబడెనని రోమక చరిత్రకారుడు సుటోనియసు వ్రాసెను. అతిశయోక్తియే యైనను, ముఖమును ముఖముగ చూచినవారున్నారనుటకు అది సాక్ష్యము. దాసత్వమునుండి విముక్తుడైన తత్త్వవేత్త ఎపిక్టెటసు మనుష్యుల స్వభావమును గూర్చి చెప్పుచు, ఈ సెస్టెర్సుపై ఎవరి ముద్రయున్నది, ట్రాజనుదా యైన తెమ్ము, నీరోదా యైన పాఱవేయుము, అది చెల్లదు, కుళ్లినది యను భావమున మాటలాడెను. ఇక సువార్తలలో "ఈ రూపము ఎవరిది" యని యేసు అడిగిన దేనారము కథ తెలుగు క్రైస్తవ కుటుంబములలో పసిపిల్లలకును తెలిసినదే. ఆ దేనారము టైబీరియసుదని పండితులు సామాన్యముగ తలచుచున్నారు: బొమ్మ టైబీరియసు, బొరుసు ఆసనముపై కూర్చున్న స్త్రీ. దీనితో మనకు మఱల పని యున్నది.

చూచినవారుండిరి గనుకనే చెరిపినవారును ఉండిరి. 211లో సెప్టిమియసు సెవెరసు మరణింపగా ఆయన ఇరువురు కొమారులు కరకల్లా, గేటా కలసి చక్రవర్తులైరి. అన్నదమ్ములు చేయిచేయి కలిపిన బొమ్మలు, "చక్రవర్తుల సామరస్యము" అను మాటలు ముమ్మరముగ వెలువడినవి. పైన చెప్పిన సూత్రము తెలిసిన పాఠకుడు తరువాతిది ఊహింపగలడు. ఆ సంవత్సరాంతమున గేటా తల్లి యొడిలోనే చంపబడెను. ఆసియామైనరులోని స్ట్రాటోనికేయా పట్టణపు పెద్ద కంచునాణెములలో ఇరువురు సోదరులు ఎదురెదురుగ నుండెడివారు. హత్యానంతరము గేటా ముఖమును తొలిచివేసిరి. ఇప్పుడు వానిలో కరకల్లా నున్నని గుంటను తదేకముగ చూచుచుండును.

మూడవ శతాబ్దమున వెండి తఱుగుటయు, మాట పెరుగుటయు జోడుగ సాగినవి. అగస్టసు దేనారము ఇంచుమించు స్వచ్ఛమైన వెండి; నీరో 64లో తూకము తగ్గించి రాగి కలిపెను; 270 ప్రాంతమునకు వెండి నాణెమనబడు దానిలో నూటికి అయిదు పాళ్లును వెండిలేక, పైపూత మాత్రము మిగిలినది. ఆ పూతమీదనే "కాలముల సౌభాగ్యము", "చక్రవర్తి శాంతి", "లోకోద్ధారకుడు". లోకోద్ధారకుడని వ్రాయించుకొనిన వలేరియను 260లో పారశీక రాజు షాపూరునకు సజీవముగ పట్టుబడెను. నఖ్షె రుస్తము కొండపై షాపూరు ఆ విజయమును మనుష్యప్రమాణమునకు మించిన శిల్పముగ చెక్కించి, పావలాకాసుతో చేయు ప్రచారమునకు పర్వతముతో బదులుచెప్పెను. బ్రిటనులో తిరుగబడి 286 మొదలు స్వతంత్రముగ నేలిన కరౌసియసు మఱింత చమత్కారి: తనను దొంగయని వెలివేసిన ఇరువురు చక్రవర్తుల తలలను తన తలతో జతచేసి "కరౌసియసును అతని సోదరులును" అని ముద్రించెను. ఆ సోదరులు ఆ బంధుత్వమును ఒప్పుకొనలేదు. 296లో రోమక పాలకుడు కాన్‌స్టంటియసు ఆ ద్వీపమును తిరిగి పట్టుకొని కొట్టించిన గొప్ప స్వర్ణపతకము 1922లో ఫ్రాన్సులోని అర్రాసు చెంత కూలీల పాఱలకు దొరకినది; లండను నగరద్వారమున మోకరిల్లిన స్త్రీ గుఱ్ఱముపై వచ్చు విజేతకు చేతులు చాచుచున్నది, చుట్టును "శాశ్వతకాంతిని తిరిగి తెచ్చినవాడు" అని యున్నది.

ఈ వాగ్ధాటి యంతయు లాటిను నెఱిగినవారి కొఱకు, లేదా కనీసము రోము ఖడ్గమునకు లోబడినవారి కొఱకు. ఆ రెండును కాని వారికి చేరినప్పుడు నాణెము ఏమయ్యెనో చూచుటకు మనము మన నేలకు రావలెను. మిరియములకును, సన్నని బట్టలకును, రత్నములకును వెలగ రోమక ధనము దక్షిణాపథమునకు ప్రవహించినది. భారతదేశము ఏటేట అయిదుకోట్ల సెస్టెర్సులను పీల్చుకొనుచున్నదని రోమక గ్రంథకర్త ప్లినీ వాపోయెను. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1531 వెండి దేనారములు ఒక్కచోట దొరకినవి. నంద్యాలలోను, వినుకొండలోను బంగారు నాణెములు దొరకినవి. దక్షిణమున దొరకు దేనారములలో రెండు రకములే హెచ్చు. ఒకటి యేసు చేతిలో చూచిన ఆ టైబీరియసు నాణెము. రెండవదానిపై అగస్టసు ముఖము. వెనుకవైపున డాళ్లును ఈటెలును పట్టిన ఇద్దఱు బాలురు, ఆయన మనుమలు గేయసు, లూషియసు. తన తరువాత వీరే యని లోకమునకు చాటుటకై ఆయన వేయించిన బొమ్మ. లూషియసు క్రీ.శ. 2లో, గేయసు 4లో చనిపోయిరి. ఏలనున్న ఆ వారసులు ఎన్నడును ఏలకయే మన మట్టిలో కుండలలో పదిలముగ నుండిరి.

ఆ బొమ్మల భావము మనవారికి పట్టినట్లు లేదు. పట్టినది తూకము. నాగార్జునకొండ శాసనమొకటి ఇక్ష్వాకు రాణి రుద్రధరభట్టారిక మహాచైత్యమునకు 170 దీనారిమాషకములు సమర్పించెనని చెప్పుచున్నది. దీనారమను పేరు దేనారము నుండి వచ్చినదే, అమరకోశమున చేరినదే, మన కవులు కనకాభిషేకముల సందర్భమున చెప్పుకొనినదే. పేరు నిలిచినది, తూకము నిలిచినది, రాజు నిలువలేదు. క్లాడియసు కాలమున ఆనియసు ప్లోకమసు అనువాని విముక్త దాసుడొకడు గాలివాటున సింహళమునకు కొట్టుకొనిపోయెననియు, అచ్చటి రాజు ఆతని దేనారములను పరీక్షించి, వేర్వేఱు ముఖములుండుటచేత వేర్వేఱు రాజులు వేయించినవని తెలియుచున్నను అన్నియు సమానమైన తూకము తూగుట చూచి రోమకుల న్యాయబుద్ధిని మెచ్చుకొనెననియు ప్లినీ చెప్పిన కథ నాకు అన్ని బిరుదములకంటె విలువైనదిగ తోచును. ఆ రాజు బొమ్మను లెక్కచేయలేదు, బొరుసును చదువలేదు, త్రాసును చూచెను.

మన స్త్రీలు కొన్ని బంగారు నాణెములకు రాజు తలపైభాగమున రెండు రంధ్రములు వేయించి, ముఖము నిలువుగ వ్రేలాడునట్లు కాసులపేరుగ ధరించిరి. ఇది ఆ ముఖములకు దక్కిన గౌరవము. మఱికొన్నిటికి వేఱుగతి పట్టినది. పుదుక్కోట సంస్థానమున 1898లో దొరకిన 501 రోమక స్వర్ణనాణెములు అగస్టసు మొదలు వెస్పేసియను వఱకు గల చక్రవర్తులవి; వానిలో అత్యధికభాగమునందు రాజు తలకు అడ్డముగ పదునైన పనిముట్టుతో లోతైన గాటు పెట్టబడియున్నది. లోపల ఇతర లోహమున్నదేమోనని పరీక్షించిరని కొందఱు, ఇక్కడ ఇది నాణెముగ చెల్లదు, బంగారముగనే చెల్లునని తెలుపుటకు కోసిరని కొందఱు పండితులు చెప్పుదురు. రెండవదే నాకు సబబుగ తోచుచున్నది. గాటు పడినది బొమ్మవైపుననే. బొరుసును ముట్టుకొనలేదు.